పాత ఆల్టోలో ఫోన్ పాటలు: హయత్‌నగర్ దాటగానే ఎందుకీ గోల?

ప్రశ్న: మాది సూర్యాపేట. నాన్నగారి 2009 మోడల్ ఆల్టో ఇప్పుడు నేను నడుపుతున్నాను. కారు కొన్న కొత్తలో బయట షాపులో పెట్టించిన సెట్టు ఉంది. రేడియో, సీడీ పనిచేస్తాయి. ముందువైపు ఫోన్ వైరు గుచ్చే ఆక్స్ కన్నం గానీ యూఎస్‌బీ గానీ లేవు. ఫోన్లో పాటలు వినడానికి సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే బ్లూటూత్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. చౌటుప్పల్ దాకా హాయిగా వస్తుంది. హయత్‌నగర్ వచ్చేసరికి నా పాట పోయి ఏదో స్టేషన్ యాడ్స్ మొదలవుతాయి. దానికే ఫోన్ చార్జింగ్ పెడితే కీ... మని సన్నటి మోత. ఎక్సిలరేటర్ తొక్కితే అదీ పెరుగుతుంది. షాపులో ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ పెట్టించుకోమని పద్నాలుగు వేలు చెప్పారు. నాన్నగారేమో సెట్టు ముట్టుకోవద్దు, నా ఘంటసాల సీడీలు అందులోనే వినాలి అంటారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ పద్నాలుగు వేలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకోండి. మీ సెట్టు ఆరోగ్యంగానే ఉంది. సీడీ బాగా పాడుతోందంటే లోపలి ఆంప్లిఫయర్, డోర్లలో స్పీకర్లు బాగున్నట్టే. తేడా అంతా ఫోన్ నుంచి సెట్టుదాకా పాట వెళ్లే దారిలో ఉంది. కాబట్టి ముందు పైసా ఖర్చులేని పనులు, తర్వాత వందల్లో అయ్యే పనులు, అవేవీ కుదరకపోతేనే కొత్త సెట్టు గురించి మాట్లాడుకుందాం.

మొదట హయత్‌నగర్ సంగతి. ఎఫ్ఎం రేడియోకి ఒక గుణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు వస్తే అది రెండింటినీ కలిపి వినిపించదు, బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని దాదాపుగా వదిలేస్తుంది. మీ ట్రాన్స్‌మిటర్ కూడా ఒక బుల్లి ఎఫ్ఎం స్టేషనే, ఫోన్ పాటను అది ప్రసారం చేస్తే సెట్టులోని రేడియో అందుకుంటుంది. కానీ అది చాలా చిన్నది, దాని సిగ్నల్ కారు దాటి నాలుగడుగులు వెళ్తే గొప్ప. ఊళ్లో స్టేషన్లు కిలోవాట్లలో ప్రసారం చేస్తాయి. హైవే మీద ఆ స్టేషన్ బలహీనంగా ఉన్నంతసేపు మీ పాటదే పైచేయి. నగరం దగ్గరపడేకొద్దీ దాని బలం పెరిగి, ఒక చోట మీదాన్ని మించిపోతుంది. ఆ క్షణం నుంచి యాడ్సే. అందుకే కొంచెం కొంచెంగా పాడవకుండా ఒక్కసారిగా స్టేషన్ మారినట్టు అనిపిస్తుంది. ట్రాన్స్‌మిటర్ పాడైందని అనుకోకండి.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, ఖాళీ ఫ్రీక్వెన్సీని సూర్యాపేటలో వెతక్కండి. అక్కడ ఖాళీగా కనిపించేవన్నీ హైదరాబాద్‌లో ఖాళీ కావు. ఎల్బీనగర్ దగ్గర ఎక్కడైనా కారు పక్కకు ఆపి, ట్రాన్స్‌మిటర్ పీకేసి, సెట్టులో రేడియో పెట్టండి. సీక్ బటన్ వాడొద్దు, అది బలమైన స్టేషన్ల మీదే ఆగుతుంది. మాన్యువల్ ట్యూనింగ్‌లో 87.5 నుంచి ఒక్కో మెట్టూ పైకి వెళ్లండి. ఉత్త బుస్సుమనే శబ్దం వచ్చే చోట ఆగి, దానికి అటు 0.2, ఇటు 0.2 జరిపి చూడండి. మూడు చోట్లా అదే బుస వినిపిస్తే ఆ స్థానం మీది. హైదరాబాద్‌లో 91.1 మీద రేడియో సిటీ, 92.7 మీద బిగ్ ఎఫ్ఎం, 93.5 మీద రెడ్ ఎఫ్ఎం, 98.3 మీద మిర్చి, 101.9 మీద ఆకాశవాణి రెయిన్‌బో, 102.8 మీద వివిధ భారతి ఉన్నాయి, ఇంకా కొన్ని ఉన్నాయి. మధ్యలో ఇంత రద్దీ కాబట్టి సాధారణంగా ఖాళీ దొరికేది రెండు కొసల్లోనే, అంటే 88 చుట్టుపక్కల, లేదా 107 దాటాక. దొరికినవి రెండు పెట్టుకోండి. రెండింటినీ సెట్టులో ప్రీసెట్ బటన్ల మీద సేవ్ చేస్తే దారిలో వెతుక్కునే పని ఉండదు.

ఇక్కడొక చిన్న చిక్కు రావచ్చు. కొన్ని సెట్లు అమెరికా పద్ధతిలో 87.9, 88.1, 88.3 అని రెండేసి అంకెలు దూకుతూ ట్యూన్ అవుతాయి. మీది అలాంటిదైతే ట్రాన్స్‌మిటర్‌ని 88.0 మీద పెట్టి సెట్టుని 88.1 మీద పెట్టడం వల్ల గరగర వస్తుంది. సెట్టు చూపించే అంకెకి ట్రాన్స్‌మిటర్‌ని సరిపెట్టాలి.

రెండో ఉపాయం చాలామందికి తెలియదు. మీ ఆల్టోకి ముందు అద్దం పక్క స్తంభంలోంచి చేత్తో పైకి లాగే ఏంటెనా ఉంటే, నగరంలోకి వచ్చేముందు దాన్ని పూర్తిగా లోపలికి తోసేయండి. రేడియో వినాలంటే ఏంటెనా పైకి లాగాలి, ఇక్కడ మనకు కావలసింది దానికి తలకిందులు. బయటి స్టేషన్లను అందుకునే చెయ్యి కురచబడితే వాటి బలం బాగా తగ్గుతుంది. మీ ట్రాన్స్‌మిటర్ కారు లోపలే, సెట్టుకి జానెడు దూరంలోనే ఉంది కాబట్టి దానికి పడే దెబ్బ తక్కువ. రూఫ్ మీద మరతో బిగించే ఏంటెనా అయితే దాన్ని తిప్పి ఊడదీసి చూడండి. చాలా కార్లలో ఈ ఒక్క పనితోనే సగం గోల సర్దుకుంటుంది. ఏంటెనా కురచయ్యాక మీ పాట కూడా సన్నబడితే, ట్రాన్స్‌మిటర్‌ని సాకెట్లో కొంచెం తిప్పి చూడండి. మెడ వంగే రకమైతే దాని తల సెట్టువైపు ఉండాలి.

వాల్యూమ్ విషయం కూడా చెప్పేస్తాను. ఫోన్లో వాల్యూమ్ ముప్పావు వంతు దాకా పెంచి, మిగతాది సెట్టు నాబ్‌తో సర్దుకోండి. ఫోన్లో తక్కువ పెట్టి సెట్టులో పెంచితే పాటతోపాటు బుస కూడా పెరుగుతుంది. ఫోన్లో నిండా పెంచితే ట్రాన్స్‌మిటర్ తట్టుకోలేక, గాయకుడు గొంతెత్తిన ప్రతిచోటా పాట చీలుతుంది. ఫోన్లో బాస్ బూస్ట్ లాంటివి ఉంటే తీసేయండి.

ఇంత చేసినా ఎఫ్ఎం ఎఫ్ఎమ్మే. దాంట్లో 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ వెళ్లదు, చవక ట్రాన్స్‌మిటర్లలో అంతకూడా సరిగ్గా వెళ్లదు. కొత్త పాటల్లో తాళాలు, హై-హ్యాట్ల మెరుపు కాస్త మసకబారుతుంది. నాన్నగారి ఘంటసాల పాటలకు మాత్రం దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు, ఆనాటి రికార్డింగులే ఆ హద్దులోపు ఉంటాయి.

ఇక కీ...మనే మోత. మీరు రాసిన ఒక్క ముక్కతోనే సగం రోగం తెలిసిపోయింది: ఎక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు కారుకి కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. అది పుట్టించేది ఏసీ కరెంటు. దాన్ని లోపలి డయోడ్లు డీసీగా మారుస్తాయి గానీ కొంచెం అలజడి మిగిలిపోతుంది. ఇంజన్ వేగం పెరిగితే ఆ అలజడి ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, మోత సన్నబడుతుంది. ఆ అలజడి పాటలోకి ఎక్కడ దూరుతోందన్నదే ఇప్పుడు తేల్చాలి.

పరీక్ష సులువు. ఇంజన్ ఆపి, తాళంచెవి ఏసీసీ దాకా మాత్రమే తిప్పి పాట పెట్టండి. మోత లేదంటే ఆల్టర్నేటర్ నుంచి వస్తున్నదే. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, ట్రాన్స్‌మిటర్‌కి గుచ్చిన చార్జింగ్ కేబుల్ తీసేసి, ఫోన్‌ని పవర్ బ్యాంకుకి పెట్టండి. మోత పోయిందా? అయితే తప్పు ట్రాన్స్‌మిటర్‌లోని చార్జర్ భాగానిది. ఫోన్ గట్టిగా కరెంటు లాగేసరికి ఆ చవక సర్క్యూట్ తన పాటనే తను పాడుచేసుకుంటోంది. పవర్ బ్యాంకుతో సర్దుకోవచ్చు, లేదా బయలుదేరేముందే ఇంట్లో చార్జింగ్ నింపుకుంటే సరి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ ఎంత దూరం కనుక.

ఈ మోత గురించి ఎవరిని అడిగినా గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ కొనమంటారు. అది మంచి వస్తువే, కానీ మీకు పనికిరాదు. అందులో ఉండేవి రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిని ఆక్స్ వైరు మధ్యలో పెడతారు. ఫోన్ కారు చార్జర్ మీద ఉండి, అదే ఫోన్ ఆక్స్ వైరుతో సెట్టుకీ కలిస్తే ఎర్తుకి రెండు దారులు ఏర్పడతాయి. ఆ రెండింటి మధ్య తేడా మోతగా వినిపిస్తుంది. ఐసొలేటర్ వైరుతో ఉన్న ఆ లంకెను తెంపి, పాటను మాత్రం పోనిస్తుంది. మీకు ఫోన్‌కీ సెట్టుకీ మధ్య వైరే లేదు, గాల్లోంచి వెళ్తోంది. దాన్ని పెట్టడానికి చోటే లేదు. రేపు ఆక్స్ దారి దొరికి అప్పుడు మోత వస్తే కొనండి.

ఆక్స్ దారి దొరుకుతుందా అంటే, వెతక్కుండా లేదనకండి. ముందువైపు కన్నం లేకపోయినా ఆ కాలపు సెట్లు కొన్నింటికి వెనకవైపు ఆక్స్ ఉండేది. ముందుగా సెట్టు మోడల్ నంబరు చూసి ఇంటర్నెట్‌లో దాని మాన్యువల్ వెతకండి. నంబరు ముందు పలక మీద, లేదా పలక ఊడదీస్తే దాని వెనక ఉంటుంది. దొరక్కపోతే సెట్టుని బయటకు లాగాల్సిందే. అంచుల్లో సన్నటి సందుల్లోకి దూర్చే రేకు తాళాలు మొదట్లో పెట్టెతోపాటు ఇచ్చి ఉంటారు, నాన్నగారి బీరువాలో ఉన్నా ఉండొచ్చు. లేకపోతే కారు ఆడియో షాపులో నిమిషాల పని. దగ్గరే నిలబడి చూడండి. సెట్టు పైభాగంలో సాధారణంగా వైర్ల బొమ్మతో ఒక స్టిక్కర్ అంటించి ఉంటుంది, దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఎప్పుడు రిపేరుకి ఇచ్చినా అక్కరకొస్తుంది.

వెనక ఎరుపు, తెలుపు రంగుల్లో గుండ్రటి సాకెట్ల జత కనిపిస్తే వెంటనే సంబరపడకండి. పక్కన ఏం రాసి ఉందో చదవండి. ‘ఆక్స్ ఇన్’ అని ఉంటే మీ పంట పండినట్టే. ‘రియర్ అవుట్’, ‘ప్రీ అవుట్’, ‘సబ్ అవుట్’ అని ఉంటే అవి బయటి ఆంప్లిఫయర్‌కి శబ్దం పంపే దారులు, లోపలికి తీసుకునేవి కావు. చూడ్డానికి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఇలా అవుట్‌కి ఫోన్ తగిలించి సెట్టు పాడైపోయిందని మార్పించుకున్నవాళ్లున్నారు. ఇంకో సంగతి, ఆక్స్ ఉన్న సెట్లలో కూడా సెట్టింగుల్లో దాన్ని ఆఫ్‌లో పెట్టి ఉంటే సోర్స్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఆక్స్ అని రాదు. మెనూలోకి వెళ్లి ఆన్ చేయాలి.

ఆక్స్ ఇన్ దొరికిందనుకుందాం. ఒక చివర ఆ ఎరుపు, తెలుపు పిన్నులు, మరో చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న కేబుల్ తగిలించి, గ్లోవ్‌బాక్స్ దాకా తెప్పించండి. ఇప్పుడు మీ ముందు రెండు దారులు. ఫోన్‌కే నేరుగా వైరు పెట్టడం మొదటిది. శబ్దం విషయంలో దీన్ని మించింది లేదు. ఈ రోజుల్లో చాలా ఫోన్లకు హెడ్‌ఫోన్ కన్నం లేదు, ఐఫోన్లయితే 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచే తీసేశారు. టైప్-సి నుంచి 3.5కి మార్చే ముక్క కొనాలి. అందులోనూ రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్త వైరు, ఇంకోదాంట్లో డిజిటల్‌ని పాటగా మార్చే చిన్న చిప్, అంటే డాక్ (DAC), ఉంటుంది. మొదటి రకం చాలా ఫోన్లలో పలకనే పలకదు. పెట్టె మీద డాక్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

రెండోది, ఆక్స్‌కి తగిలించే చిన్న బ్లూటూత్ రిసీవర్. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఎఫ్ఎం తలనొప్పి మొత్తం పోతుంది, ఫోన్ బ్యాగులో ఉన్నా పాట వస్తుంది. వీటిలో బ్యాటరీ ఉన్న రకం కొంటే కారు కరెంటుతో సంబంధం లేదు కాబట్టి మోత కూడా ఉండదు. అయితే మన ఎండాకాలం సంగతి తెలుసు కదా, నీడలేని చోట ఆపిన కారు లోపల వేడికి లిథియం బ్యాటరీలు ఉబ్బిపోతాయి. దిగేటప్పుడు దాన్ని డ్యాష్‌బోర్డు మీద వదిలేయకుండా తీసి బ్యాగులో వేసుకోండి.

ఆక్స్ ఎక్కడా లేదని తేలితే? నాన్నగారి సెట్టు మార్చకుండానే ఇంకో మార్గం ఉంది. వైరుతో కలిపే ఎఫ్ఎం మాడ్యులేటర్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. ఏంటెనా వైరు సెట్టు వెనక గుచ్చుకునే చోట దీన్ని మధ్యలో పెడతారు. స్విచ్ వేస్తే బయటి ఏంటెనాని తప్పించి, మీ పాటను వైరు ద్వారా రేడియోలోకి పంపుతుంది. స్విచ్ ఆపితే మామూలు రేడియో. గాల్లో పోటీ ఉండదు కాబట్టి హయత్‌నగర్ అయినా అమీర్‌పేట అయినా ఒకటే. షాపుల్లో అడిగితే సాకెట్లో పెట్టేదే చూపిస్తారు, దీన్ని ఆన్‌లైన్లోనే వెతుక్కోవాలి. వైరు ఏదీ కోయక్కర్లేదు, నాన్నగారికి అభ్యంతరం ఉండదు. ఆయన మాట ఆఖరి మాట అయితే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఆయన కాస్త మెత్తబడితే మాత్రం కొత్త సెట్టు పెట్టించడమే మేలు. టచ్ స్క్రీన్ కాదు. బ్లూటూత్, యూఎస్‌బీ, ముందువైపు ఆక్స్ ఉన్న మామూలు సింగిల్ డిన్ సెట్టు చాలు. డిన్ అంటే సెట్టు కొలత: సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. మీ పాత సెట్టూ ఆ కొలతదే అయితే ఇది అదే కన్నంలో కూర్చుంటుంది. సీడీ లేనివాటిని షాపుల్లో మెక్‌లెస్ అంటారు. పేరున్న కంపెనీదే సుమారు నాలుగు నుంచి ఏడు వేలలో వస్తుంది. సీడీ, బ్లూటూత్ రెండూ ఉన్న సెట్లు ఇప్పుడు తగ్గిపోయాయి, దొరికితే నాన్నగారి గొడవే ఉండదు.

పెట్టె మీద 50 వాట్లు ఇంటూ 4 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, దాన్ని చూసి ఎంచుకోవద్దు. కారులో ఉండేది ఇంజన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టుల దాకా. దాంతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి సెట్టు శుభ్రంగా ఇవ్వగలిగింది ఒక్కోదానికి 20 వాట్ల చుట్టుపక్కలే. ఆ చిన్న కారుకి అది చాలా ఎక్కువ.

షాపులో పని చేయించేటప్పుడు మాత్రం కుర్చీలో కూర్చుని టీ తాగకుండా పక్కనే ఉండండి. పాత వైర్లను కోసి, కొత్త వైర్లతో మెలిపెట్టి నల్లటేపు చుట్టేయడం చాలాచోట్ల అలవాటు. ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, ఆర్నెల్లకి వైర్లు ఒకదానికొకటి తగులుతాయి. వైర్లు కోయకుండా గుచ్చి కలిపే కప్లర్‌తోనే కలపమనండి. మీ కారుకి కప్లర్ దొరకదంటే సోల్డరింగ్ చేసి, వేడిచేస్తే బిగుసుకునే స్లీవ్ వేయమనండి. కొత్త సెట్ల వైర్ల రంగులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. పసుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది. ఎరుపు తాళంచెవి తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్తు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలు నాలుగు స్పీకర్లకి. పసుపు, ఎరుపు తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లన్నీ మరిచిపోతుంది. రెండింటినీ బ్యాటరీకే కలిపేస్తే సెట్టు దానంతట అది ఆరదు, మరిచిపోయి దిగితే తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. అన్నిటికంటే ప్రమాదం స్పీకర్ మైనస్ వైరుని ఎర్తుకి కలపడం. పాత రోజుల్లో కొన్ని సెట్లలో అది నడిచేది, ఇప్పటి సెట్లలో అలా చేస్తే ఆంప్లిఫయర్ ఐసీ కాలిపోతుంది. మీ కారులో ముందు డోర్లకి రెండే స్పీకర్లుంటే మిగిలిన నాలుగు వైర్ల కొసలకి దేనికి దానికి విడిగా టేపు వేయాలి, నాలుగూ కలిపి ముడివేయకూడదు.

డబ్బులిచ్చేముందు రెండు పరీక్షలు చేయండి. ఒక స్టేషన్ సేవ్ చేసి, తాళంచెవి తీసి, మళ్లీ పెట్టి అది ఉందో లేదో చూడండి. తర్వాత బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, ఆ వైపు స్పీకరే మోగుతోందో లేదో వినండి. పాత సెట్టుని, రేకు తాళాలతో సహా, మీతో ఇంటికి తెచ్చుకోండి.

టచ్ స్క్రీన్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. దానికి కావలసింది సాధారణంగా డబుల్ డిన్, అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు. మీ డ్యాష్‌బోర్డులో ఒక్క వరస చోటే ఉంటే పెద్ద ఫ్రేమ్ కోసం ప్లాస్టిక్ కోయాలి, కోశాక వెనక్కి తేలేం. మీ ఉత్తరంలో మీరు అడిగింది పాటలు. మ్యాపు చూపించడానికి ఫోన్ ఉంది, దానికో మంచి హోల్డర్ ఉంటే చాలు.

సీడీల మాటకొస్తే, వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నాన్నగారికి ఒకసారి వినిపించండి. యూఎస్‌బీతో పనిచేసే బయటి డీవీడీ డ్రైవ్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుంటే ఇంట్లోనే అయిపోతుంది. 192 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే ఐదు నిమిషాల పాట సుమారు 7 ఎంబీ, అంటే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెయ్యి పాటలు. పెన్‌డ్రైవ్ 32 జీబీ లోపుది తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, చాలా కారు సెట్లకి ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు. ఫోల్డర్లు సినిమా పేరుతో పెడితే ఆయన వెతుక్కోవడం తేలిక. గీతలు పడి ఆగిపోయే సీడీకి బదులు ఆగని పాట వినపడితే, సెట్టు మార్చడానికి ఆయనే ఒప్పుకోవచ్చు.

ఇదే ఇబ్బందితో వేరే కార్లున్నవాళ్లకి కొన్ని మాటలు. సెట్టుకి యూఎస్‌బీ ఉండి, ఆండ్రాయిడ్ ఫోన్ పెడితే చార్జింగ్ మాత్రమే ఎక్కి పాట రాకపోతే కేబుల్‌ని తిట్టకండి. పాత సెట్లు పెన్‌డ్రైవ్‌నే చదవగలవు, ఇప్పటి ఫోన్లు పెన్‌డ్రైవ్‌లా కనిపించడం ఎప్పుడో మానేశాయి. ఆ యూఎస్‌బీకి పెన్‌డ్రైవ్ పెట్టుకోవడమే దారి. బ్లూటూత్ ఉండీ కాల్స్ వస్తూ పాటలు రాకపోతే, ఆ సెట్టులో కాల్స్‌కి సంబంధించిన ప్రొఫైల్ ఒక్కటే ఉండి ఉండవచ్చు. పాటలకి ఏ2డీపీ అని వేరేది కావాలి, సెట్టులో అదే లేకపోతే సెట్టింగులతో రాదు. క్యాసెట్ సెట్టు ఇంకా పనిచేస్తున్న అదృష్టవంతులకి క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ దొరుకుతుంది, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కంటే అదే నయం. పెట్టగానే అటూ ఇటూ తిరుగుతూ బయటకు నెట్టేస్తుంటే అడ్డం సెట్టు ఆటో రివర్స్. టేపు కొస వచ్చిందని అది భ్రమపడుతోంది, ఇంకో కంపెనీ అడాప్టర్‌తో ప్రయత్నించాలి.

చివరగా, మీరు ఏ దారి ఎంచుకున్నా బ్లూటూత్ మీద మ్యాపు వాడేటప్పుడు ఒకటి గమనిస్తారు. పాట ఆపి ఉంచితే దారి చెప్పే గొంతు మొదటి మాటను మింగేస్తుంది. ‘ఎడమవైపు’ పోయి ‘తిరగండి’ మాత్రమే వినిపిస్తుంది. ఖాళీగా ఉన్న లంకె మేలుకునేలోపు ఆ మాట వెళ్లిపోవడమే కారణం. పాటను పూర్తిగా ఆపకుండా వాల్యూమ్ తగ్గించి నడవనిస్తే మాటలు తెగవు. పాటల వరస మాత్రం బయలుదేరేముందే పెట్టేసుకోండి. బండి నడుపుతూ ఫోన్ చేతిలో ఉండగా దొరికితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే 1000 నుంచి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పాట మార్చాలనిపిస్తే చిట్యాల దగ్గర టీకి ఆగినప్పుడు మార్చుకోండి.